తినే భాగం

పీత డొప్ప విప్పడానికి ఆమెకు కత్తి అక్కర్లేదు. వెనక అంచున బొటనవేలు ఆనించి ఒక్క మీటు మీటితే టప్పుమని ఊడి వచ్చేది. పరిశోధన కేంద్రంలో పొద్దున్నే ఆ చప్పుడు వినపడిందంటే ఆమె వచ్చేసిందన్నమాట. రేవులో అందరూ ఆమెను పీతలమ్మ అనేవారు. డాక్టరేటు వచ్చాక డాక్టర్ పీతలమ్మ అన్నారు. అంతకు మించి మార్పేమీ రాలేదు.

తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. ఆయన పోయాక అన్నలు కొట్టు పంచుకుంటుంటే, ఆమె ఆయన పట్టకారూ, కంటికి బిగించుకునే భూతద్దమూ అడిగి తెచ్చుకుంది. ఆ పట్టకారుతోనే పీత కడుపులోంచి పురుగు ముక్కలు ఏరేది. సముద్రం అడుగున బురదను పురుగు తింటుంది, పురుగును పీత తింటుంది, పీతను పెద్ద చేప తింటుంది, చేపను పక్షి తన్నుకుపోతుంది. ఎవరు ఎవరికి తిండో విప్పి చూడడమే ఆమె ఉద్యోగం.

"మా ఆవిడది పక్కింటివాళ్ళ వంటింట్లోకి తొంగిచూసే ఉద్యోగం. కాకపోతే ఆ ఇళ్ళన్నీ నీళ్ళలో ఉంటాయి, అంతే" అనేవాడు భర్త.

అతను ఆ కేంద్రంలోనే ఈతగాడు. అడుగుకు మునిగి బురదా, పీతలూ, పురుగులూ సీసాల్లోకీ సంచుల్లోకీ ఎత్తి తెచ్చేవాడు. పడవ అంచుమీంచి వెనక్కి వాలి బుడుంగున మునిగేవాడు కాబట్టి అందరికీ అతను బుడుంగు. పెళ్ళి శుభలేఖలో అసలు పేరు చూసి స్నేహితులు ఇదెవరిదో అనుకుని పక్కన పెట్టేశారట.

వాళ్ళిద్దరికీ పెళ్ళి కుదిర్చింది మాస్టారు. ఆమెకు పాఠం చెప్పిందీ, కేంద్రంలో ఉద్యోగం ఇప్పించిందీ, సముద్రాన్ని చదవడం నేర్పిందీ ఆయనే. ఆయన భార్య బుడుంగును తమ్ముడూ అని పిలిచేది. ఆ వరసన మాస్టారు బుడుంగుకు బావగారయ్యారు, ఆవిడ పీతలమ్మకు వదిన అయింది. రక్తసంబంధం ఏమీ లేదు. కానీ బావా బావమరదుల వేళాకోళాలు మాత్రం రక్తసంబంధం ఉన్నవాళ్ళకంటే ఎక్కువగా నడిచేవి.

ఆదివారం మధ్యాహ్నాలు నలుగురూ ఒక బల్ల చుట్టూ చేరేవాళ్ళు. పరీక్షకు పోగా మిగిలిన పీతల్ని బుడుంగు ఇంటికి తెచ్చేవాడు. అసలు యుద్ధం డొప్పల దగ్గర. డొప్ప లోపల అంటుకుని ఉండే గోధుమరంగు గుజ్జు అంటే ఇద్దరు మగవాళ్ళకూ ప్రాణం.

"బావగారూ, డెక్కలన్నీ మీకే. డొప్పలు నాకొదిలేయండి."

"ఏరా, మునిగేది నువ్వయితే తినేది కూడా నువ్వేనా? పదవికి గౌరవం లేదా?"

"పదవి ఆఫీసులో. ఇక్కడ మీరు ఉత్త బావగారు."

మాస్టారు చిటికెనవేలితో డొప్ప మూలమూలలా గీరి, చివర్లో నాలుక కూడా పెట్టేవారు. వదిన తల కొట్టుకునేది. "డాక్టరేటు ఇచ్చినవాళ్ళు ఈ దృశ్యం చూస్తే వెనక్కి తీసుకుంటారు" అనేది.

ఆ రోజుల్లోనే కొండమీద గని తెరిచారు. రాయి పిండి చేసి, కడిగి, కావలసిన లోహం తీసుకున్నాక మిగిలే బూడిదరంగు మడ్డిని పైపులో పెట్టి తిన్నగా సముద్రం అడుగుకు వదలడం మొదలుపెట్టారు. దానివల్ల సముద్రానికి చేటు లేదని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చూసే పని కేంద్రానికి వచ్చింది. మాస్టారు పెద్ద, ఆమె చేయి, బుడుంగు కాళ్ళూ ఊపిరీ.

ఆమె తన గది గోడమీద సుద్దముక్కతో ఎవరు ఎవరిని తింటారో ఆ తిండి వల మొత్తం గీసింది. అడుగున పైపు, బురద. పైన పురుగు. దానిపైన పీత. ఆపైన చేప, పక్షి. అన్నిటికంటే పైన, ఈతగాడి నీటి అద్దాలు పెట్టుకుని నోరు తెరిచిన ఒక మనిషి. మాస్టారు వచ్చి చూసి, తడిగుడ్డ తీసుకుని పైనున్న మనిషిని తుడిచేశారు.

"మనుషులు మన సబ్జెక్టు కాదమ్మా."

"అదేంటి బావగారూ, బతికుండగానే నన్ను తుడిచేశారు?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ బుడుంగు. ముగ్గురూ నవ్వారు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆమె చెవుల్లో ఆ నవ్వు గులకరాయిలా దొర్లుతూనే ఉంది.

పీతల పరీక్షలో ఏ భాగం చూడాలన్నది మాస్టారే తేల్చారు. డెక్కల్లోని తెల్లటి మాంసం మాత్రమే. సీసాల మీద ఏం రాయాలో కూడా ఆయనే చెప్పారు: తినే భాగం. "మరి డొప్పలో గుజ్జు?" అని ఆమె అడిగింది. "పీతకు కాలేయం అదే కదా మాస్టారూ, విషం ఏదైనా ముందు దాక్కునేది అక్కడే."

"నిబంధన ప్రకారం అది వ్యర్థం. నీకూ నాకూ బుడుంగుగాడికీ తప్ప అది ఎవరికి తిండమ్మా?"

రేవులో పిల్లాపెద్దా అందరికీ అది తిండేనని ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు. అయినా ఆమె అప్పటికి ఊరుకుంది. సముద్రాన్ని చదవడం నేర్పినవాడి మాట అది. ఏటా నివేదిక వచ్చేది. తినే భాగంలో లోహం లేదు. కింద మాస్టారి సంతకం, మొలకలా చిన్నగా, అందంగా.

తర్వాత ఆదివారాలకు మాస్టారు రావడం తగ్గించారు. ఒకసారి తలనొప్పి, ఒకసారి మీటింగు. బుడుంగు మాత్రం తినడం మానలేదు. పైగా మొత్తం డొప్పలు తనకే దక్కుతున్నాయని సంబరపడ్డాడు. మునిగిన ప్రతిసారీ పీతలు తెచ్చాడు. వదిన వాటా వదిన ఇంటికి పంపాడు.

మొదట అతనికి నడుము పట్టేసింది. తర్వాత తొడ ఎముకలు సలిపాయి. ఒకరోజు తుమ్మితే పక్కటెముక విరిగింది. "తుమ్ముకే విరిగావేంటయ్యా, పెళ్ళాం కొట్టిందని చెప్పు, నమ్ముతాం" అన్నాడు కేంద్రంలో సీసాలు కడిగే బాబాయి. ఆ వేళాకోళానికి నవ్వబోయి నొప్పితో ముడుచుకుపోయాడు. కిడ్నీలు చెడిపోయాయని ఆసుపత్రిలో చెప్పారు. తిండి గురించి అడిగారు. ఉప్పు తగ్గించమన్నారు. పీతల గురించి ఎవరూ అడగలేదు. అడుగుతారని మాస్టారు మాత్రం ఎదురుచూశారేమో, డాక్టరు లోపలికి వచ్చినప్పుడల్లా బయటికి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడేవారు.

బుడుంగు పోయిన రోజున ఆయన పాడె పట్టుకుని ఏడ్చారు. ఆమె భుజం మీద చేయి వేసి, "నా బావమరిది పోయాడమ్మా" అన్నారు. ఆ చేతి బరువు ఆమెకు తర్వాత చాలాకాలం గుర్తుంది.

కొన్నాళ్ళకు ఆమె ఫ్రిజ్ కడుగుతుంటే మంచుపెట్టెలో అడుగున ఒక డబ్బా దొరికింది. లోపల పీత డొప్పలు, గుజ్జుతో సహా. మూత మీద బుడుంగు వంకర అక్షరాలు: సైంటిస్టు గారికి, నేను దొంగిలించకముందే తినవలెను. ఆమె ఆ డబ్బా పట్టుకుని వంటింటి నేలమీద చతికిలబడింది. తర్వాత లేచి, దాన్ని అలాగే కేంద్రానికి తీసుకుపోయింది.

గుజ్జును కరిగించి యంత్రంలో పెట్టింది. ఫలితం చూసి యంత్రం చెడిపోయిందనుకుంది. కడిగి మళ్ళీ పెట్టింది. మారలేదు. డెక్క మాంసంలో ఆనవాలు కూడా లేని కాడ్మియం గుజ్జులో కుప్ప పోసుకుని ఉంది. కిడ్నీల్ని తినేది, ఎముకల్ని గుల్లచేసేది అదే. పైపు నుంచి మడ్డికి, మడ్డి నుంచి పురుగుకు, పురుగు నుంచి పీతకు, పీత నుంచి ఆదివారపు కంచంలోకి. ఆమె గీసిన వలే. తుడిచేసిన మనిషి దగ్గరికే వచ్చి ఆగింది.

ఏడుపు రాలేదు. ఏడుపును పక్కకు నెట్టి మరొకటి ముందుకొచ్చి నిలబడింది.

సీసాల బాబాయి ఆమె ముఖం చూసి భయపడ్డాడు. "పేపరువాళ్ళని పిలుద్దామా అమ్మా?"

"అప్పుడే వద్దు బాబాయ్. ముందు ఒకటి తేలాలి. ఆయనకు తెలియక పొరపాటు చేశారా, తెలిసే చేశారా?"

"వెళ్ళి మొహంమీదే అడుగు."

"అడిగితే ఏం చెబుతారు? చేపను అడిగి తెలుసుకుంటామా ఏం తిన్నావని?"

అది మాస్టారి పాఠమే. చేప కడుపులో ఏముందో చూసినవాడు సగం చదివినట్టు, ముందున్న తిండిలో దేన్ని వదిలేసిందో చూసినవాడు మొత్తం చదివినట్టు అని తరగతిలో బల్ల గుద్ది చెప్పేవారు. ఆమె ఆ మాటను ఇన్నాళ్ళూ పీతలమీదా చేపలమీదా ప్రయోగించింది. ఇప్పుడు చెప్పినాయన మీదే ప్రయోగించబోతోంది. ఆ ఊహకే ఆమెకు, భర్త పోయిన తర్వాత మొదటిసారి, ఆకలి వేసింది.

మాస్టారినీ వదిననూ ఆదివారం భోజనానికి పిలిచింది. "ఆయన పోయాక ఆ బల్ల దగ్గర కూచోలేకపోతున్నాను మాస్టారూ, మీరిద్దరూ వస్తే బాగుంటుంది" అంది. అబద్ధం కాదు.

పీతల్ని తెప్పించింది ఈ తీరం నుంచి కాదు. కొండ అవతల, గని మడ్డి చేరని వేరే తీరం నుంచి బాబాయితో తెప్పించింది. అందులోంచి కొన్నిటిని కోసి గుజ్జు పరీక్షించి మరీ పొయ్యి వెలిగించింది. బాబాయి ఊపిరి పీల్చుకున్నాడు.

"నువ్వు ఈ రేవు పీతలే పెట్టేస్తావేమోనని హడలి చచ్చాననుకో."

"ఛ, ఛ. ఆయన నిండు నూరేళ్ళూ బతకాలి బాబాయ్. మతి పోకుండా, కళ్ళు పోకుండా."

ఆ గొంతు విని బాబాయి మళ్ళీ హడలిపోయాడు.

మాస్టారు వచ్చారు. బుడుంగు కుర్చీలో కాకుండా దాని పక్క కుర్చీలో కూచున్నారు. వదిన రాగానే ఏడ్చి, ముక్కు తుడుచుకుని, వంటింట్లో చేయి వేసింది. పీతలు బల్లమీదికి వచ్చాయి. పెద్ద పెద్ద డొప్పలు, నిండుగా గుజ్జు. పీతలమ్మ మాస్టారి కంచంలో రెండు డొప్పలు పెట్టి ఎదురుగా కూచుంది. ఆమె ఏమీ తినలేదు. చూసింది.

మాస్టారు డెక్క విరిచారు. మాంసం నీటుగా లాక్కుని తిన్నారు. ఇంకోటి విరిచారు. చిటికెనవేలు డొప్పలవైపు వెళ్ళలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ వాటిని కంచం అంచుకు నెట్టేశారు, అలవాటుగా, తనకే తెలియనట్టు.

ఈలోగా వదిన ఒక డొప్ప అందుకుంది. "తమ్ముడు ఉంటే నాకు దక్కనిచ్చేవాడా" అంటూ వేలు పెట్టబోయింది. మాస్టారి చేయి చటుక్కున వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"అది తినే భాగం కాదు."

పీతలమ్మ కళ్ళు ఆ చేతిమీద ఆగాయి.

"చూడు మరదలా ఈయన చాదస్తం" అంది వదిన చేయి విడిపించుకుంటూ. "ఆ పైపు వేసిన కొత్తలో ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి, ఇకనుంచి మనింట్లో డొప్పలు తినకూడదన్నారు. నాకు పడదట. తమ్ముడు పంపిన పీతల్లో డెక్కలు వండి, డొప్పలన్నీ పారబోయించేవారు. పైగా తమ్ముడికి చెప్పకు, నొచ్చుకుంటాడు అని."

"కొంచెం కొలెస్ట్రాల్ ఉందని..." అన్నారు మాస్టారు.

"అవునవును" అంది పీతలమ్మ. లేచి మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. తండ్రి పట్టకారుతో పని చేసేటప్పుడు చేయి ఎంత నిలకడగా ఉండేదో అంత నిలకడగా ఉంది. కావలసింది దొరికింది. ఆయన కోసి చూశాడు. చూసి దాచాడు. పెళ్ళాం నోటి దగ్గర ముద్ద లాక్కున్నాడు, బావమరిది నోటి దగ్గర మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మిగిలిన డొప్పలు ఆమె వాళ్ళు వెళ్ళాక తినేసింది. ఒక్కటీ వదలకుండా, చిటికెనవేలితో గీరి గీరి.

గనివాళ్ళకు రెండో పైపు కావలసి వచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణ అని రేవు పక్కన వలలు ఆరబెట్టే రేకుల షెడ్డులో సభ పెట్టారు. పడవలవాళ్ళూ, చేపలమ్మే ఆడవాళ్ళూ, ఆఫీసర్లూ వచ్చారు. గని తరఫున టై కట్టుకున్నాయన ఒకడు అందరికీ నీళ్ళ సీసాలు పంచాడు. వదిన ముందు వరసలో కూచుంది. మాస్టారు వేదిక ఎక్కి, పాత నివేదికలన్నీ ఒక్కటే మాట చెబుతున్నాయన్నారు. తినే భాగంలో లోహం లేదు.

పీతలమ్మ లేచింది. చేతిలో కాగితాలున్నాయి. వాటిని ముందుగా తీయలేదు.

"మాస్టారూ, మొన్న ఆదివారం మా ఇంట్లో డొప్పలు ఎందుకు వదిలేశారు?"

షెడ్డులో నవ్వులు. "అదేమి ప్రశ్న అమ్మా, ఆయన కడుపు నిండిందేమో!" అన్నాడొక పడవాయన. "డొప్పలొదిలేశాడంటే జబ్బు మనిషే" అంది చేపలమ్మే ఆవిడ. ఆయన డొప్ప నాకే సంగతి రేవంతా ఎరిగినదే.

మాస్టారి ముఖం మాడింది. "ఇది సైన్సు సభ. ఇంటి విషయాలు ఇక్కడెందుకు? నాకు కొలెస్ట్రాల్ ఉంది."

"వదినకు కూడానా?"

టై ఆయన మైకు అందుకోబోయాడు. పీతలమ్మ అతనివైపు చూడను కూడా చూడలేదు.

"ఆ పీతలు ఈ సముద్రంవి కావు మాస్టారూ. కొండ అవతలి తీరంవి. నేనే పరీక్షించి వండాను. హాయిగా తినాల్సింది. డొప్ప చూసి మీరెందుకు భయపడ్డారో అది చెప్పండి చాలు. పీత గుజ్జులో ఏముందో ఇక్కడెవరికీ తెలియదు కదా. మీరు ఏ నివేదికలోనూ రాయలేదు కదా. మరి మీకెలా తెలిసింది?"

నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు ఆమె కాగితాలు తీసి, గుజ్జులో లోహం ఎంత ఉందో చదివింది. ఏ డబ్బాలోని గుజ్జో, ఆ డబ్బా మూతమీద ఏం రాసి ఉందో కూడా చదివింది.

వదిన లేచింది. పీతలమ్మవైపు కాదు, భర్తవైపు తిరిగింది.

"నాకు చెప్పారుగా" అంది మెల్లగా. మైకు లేకపోయినా వెనకదాకా వినపడింది. "నాకు చెప్పినవాళ్ళు తమ్ముడికెందుకు చెప్పలేదండీ? వాడి పీతల డొప్పలు నాచేత పారబోయించారే. వాడు తింటూనే ఉన్నాడని తెలుసుగా."

"ఒక్కసారి చూశాను... మొదట్లో. డొప్ప లెక్కలోకి రాదని గనివాళ్ళే అన్నారు... వాడికి చెబితే నీ మరదలికి తెలుస్తుంది, ఆమెకు తెలిస్తే..." మాస్టారు ఇంకేదో అన్నారు కానీ వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. నీళ్ళ సీసాలు ఒక్కొక్కటే వేదికమీదికి తిరిగొచ్చాయి, విసురుగా. టై ఆయన తలకు ఫైలు అడ్డం పెట్టుకుని పక్కదారిన జారుకున్నాడు. మాస్టారు మాత్రం ఎటూ పోలేదు. పోవడానికి దారి లేకుండా భార్య ముందు నిలబడి ఉంది.

రెండో పైపు ఆగిపోయింది. మొదటిదాని మీద విచారణ వేసి, పరీక్షలన్నీ మొదటినుంచీ చేయమన్నారు. ఆ పని పీతలమ్మకు అప్పగించారు. రేవులో కొత్త ఎకసెక్కం పుట్టింది. మాస్టారు బజారుకు వస్తే చాలు, చేపలమ్మేవాళ్ళు కేకేసేవారు: "రండి సార్, తినే భాగం ఇమ్మంటారా, తినని భాగం ఇమ్మంటారా?" ఆయన బజారుకు రావడం మానేశారు. వదిన పుట్టింటికి వెళ్ళిపోయి తలుపు వేసుకుంది.

కేంద్రం పెద్దలు పీతలమ్మను అడిగారు, మాస్టారిని ఏం చేయమంటావని. ఉద్యోగంలోంచి తీసేయమంటుందని అనుకున్నారు. ఆమె ఒక్కటే కోరింది. కొత్త పరీక్షకు పీతలు కోసి గుజ్జు తీసే పని ఆయనకే ఇవ్వాలి. తన గదిలో, తన బల్ల దగ్గర.

"అంత పెద్దాయన ఒప్పుకుంటారా?"

"వదినను అడగండి."

వదిన కబురు పంపింది: అక్కడ పని పూర్తి చేసి రమ్మనండి, అప్పుడు తలుపు తీసే సంగతి ఆలోచిస్తాను. ఆయన ఒప్పుకున్నారు.

పొద్దున్నే వచ్చేవారు. గోడమీద ఆమె సుద్దతో మళ్ళీ గీసిన వల ఉండేది. అన్నిటికంటే పైన నీటి అద్దాల మనిషి, ఈసారి ఇంకాస్త పెద్దగా. పీతలమ్మ తర్వాత ఎప్పుడో పోయింది. ఆ గదిలోకి వచ్చినవాళ్ళెవరూ ఇప్పటికీ ఆ బొమ్మను తుడవలేదు. ఆ రోజుల్లో దానికి ఎదురుగా కూచుని ఆయన ఒక్కొక్క డొప్పా విప్పి, చెంచాతో గుజ్జు తీసి, సీసాలో వేసి, చీటీ మీద తన చేత్తో రాయాలి: తినే భాగం. చిన్న, అందమైన అక్షరాలు. చీటీ అంటించాక సీసా ఆమె చేతికి ఇవ్వాలి. ఆమె భూతద్దం పెట్టుకుని డొప్ప తిప్పి తిప్పి చూసేది.

ఒక మధ్యాహ్నం బాబాయికే జాలేసింది. ఆయన టీకి బయటికి వెళ్ళినప్పుడు నోరు విప్పాడు. "ఇంక చాలు కదమ్మా? పెద్దమనిషి. పొద్దస్తమానం వంగి కూచుంటున్నారు. క్షమించేయరాదూ?"

"క్షమించమని అడగాల్సిన మనిషిని ఆయనే తుడిచేశారు బాబాయ్. నాకా హక్కు లేదు."

మాస్టారు తిరిగి వచ్చి కూచున్నారు. చేతిలోని డొప్ప గీరి, చెంచా పక్కన పెట్టి, చీటీ రాయబోయారు. పీతలమ్మ ఆ డొప్ప అందుకుని వెలుతురుకు పట్టింది. మూలన, ముల్లు వంపు తిరిగే చోట, గోధుమరంగు గుజ్జు కాస్త మిగిలి ఉంది. డొప్పను తిరిగి ఆయన ముందు పెట్టింది.

"ఆ మూల కూడా గీరండి మాస్టారూ" అంది. "మా ఆయన అది వదిలేవాడు కాదు."